చింతపండు పట్టు వేసుకున్నావా? – ఒక థీసిస్ డైరీ

వారం 1

రేడియాలజీ పీజీలో నా థీసిస్ టాపిక్ ఖాయమైంది. 18 నుంచి 25 ఏళ్ల లోపు, కాళ్లకు ఏ తిప్పలూ లేని అమ్మాయిలు, అబ్బాయిలు కలిపి 60 మంది. వాళ్ల చీలమండ లిగమెంట్లు, అంటే ఎముకను ఎముకకు కట్టే పట్టీలు, ఎంత మందం ఉన్నాయో అల్ట్రాసౌండ్‌తో కొలవాలి. హన్మకొండలో మేం అద్దెకుండే ఇంటి అమ్మమ్మకు ఈ సంగతి చెబితే, "కాళ్లు మంచిగున్నోళ్లకు స్కానింగేంది బిడ్డా? కరెంటు దండుగ" అన్నది.

ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ ఈ టాపిక్ వెనక నాకో చిన్న అవమానం ఉంది. పోయినేడు కబడ్డీలో కాలు మడతపడ్డ ఒక పిల్లగాడికి స్కాన్ చేసి "లిగమెంట్ మందంగా ఉంది" అని రిపోర్టు రాశాను. ఆర్థో సార్ ఫోన్ చేసి, "ఎంతకన్నా మందం?" అని అడిగారు. "చూస్తే అట్లా అనిపించింది సార్" అన్నాను. అటువైపు కాసేపు ఏ మాటా లేదు. పుస్తకాల్లో రెండు నుంచి మూడు మిల్లీమీటర్లు అని ఉంటుంది. రెండుకూ మూడుకూ మధ్య ఒకటిన్నర రెట్ల తేడా. మన పిల్లల కాళ్లలో మామూలుగా ఎంత ఉంటుందో చెప్పడానికి నా చేతిలో అంకె లేదు. ఆ అంకె కోసమే ఈ పనంతా.

వారం 2

ఏమేం కొలవాలో గైడ్ సార్‌తో కూర్చుని తేల్చుకున్నాం.

కాలి బయటివైపు గిలక ఉంటుంది కదా, ఫిబ్యులా ఎముక కొస. దానికి కాస్త కిందుగా, ముందువైపు వేలు పెట్టి చూడండి. మెత్తని గుంట తగులుతుంది. పాదం లోపలికి మడతపడితే మొదట వాచేది అక్కడే. ఆ గుంటలో ఉండేది యాంటీరియర్ టాలోఫిబ్యులర్ లిగమెంట్, మా నోట్లో ఏటీఎఫ్ఎల్. గిలక ముందంచు నుంచి, రెండు గిలకల మధ్య ఉండే టేలస్ ఎముక దాకా, ఇంచుమించు అరికాలికి సమాంతరంగా పోయే చదునైన పట్టీ. చాలామందిలో ఇది ఒకే పట్టీ కాదు, రెండు పాయలు. మధ్యలోంచి సన్నని రక్తనాళం పోతుంటుంది. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ వేస్తే ఒక్కోసారి చిన్న చుక్కలా వెలుగుతుంది. గిలక కొస నుంచి కిందికి, కాస్త వెనక్కి మడమ ఎముక వైపు దిగేది కాల్కేనియోఫిబ్యులర్ లిగమెంట్, సీఎఫ్ఎల్. ఇది తాడులా ఉంటుంది. పిక్క బయటివైపు కండరాల నుంచి వచ్చే తాళ్లు, పెరోనియల్ టెండాన్లు, దీని మీదుగా పోతాయి. వెనకాల పోస్టీరియర్ టాలోఫిబ్యులర్ లిగమెంట్, పీటీఎఫ్ఎల్ ఉంది. ఈ మూడింట్లో గట్టిది అదే, కానీ లోతున ఉంటుంది, చర్మానికి ఆనించే ప్రోబ్‌కు సరిగ్గా చిక్కదు. వదిలేశాం. వీటికి తోడు పైన టిబియా, ఫిబ్యులా ఎముకలు రెండింటినీ ముందునుంచి కట్టిపట్టే ఏఐటీఎఫ్ఎల్ (యాంటీరియర్ ఇన్ఫీరియర్ టిబియోఫిబ్యులర్ లిగమెంట్), లోపలి గిలక కింద విసనకర్రలా పరుచుకున్న డెల్టాయిడ్.

ఓపీలో లిగమెంట్ అనే మాట ఎవరూ అనరు. "నరం మీద నరం ఎక్కింది మేడం" అంటారు. మొదట్లో సరిదిద్దేదాన్ని. ఇప్పుడు "నరం కాదు, ఎముకను ఎముకకు కట్టే పగ్గం" అంటున్నాను. ఎద్దుల్ని కట్టిన ఇంటివాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

వారం 3, 4

కాగితాల పని. థీసిస్ ప్రణాళిక, అంటే సినాప్సిస్, కాళోజీ హెల్త్ యూనివర్సిటీకి వెళ్లింది. ఎథిక్స్ కమిటీకి వైద్య పరిశోధనల జాతీయ మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం ఇవ్వాలి, అదీ తెలుగులో. నా మొదటి ప్రతిలో "స్నాయుబంధనముల స్థూలతను అతిధ్వని చిత్రణ ద్వారా నిర్ధారించుట" అని ఉంది. మా వార్డు ఆయమ్మకు చదివి వినిపిస్తే, "ఇది ఆపరేషన్ కాయితమా?" అన్నది. చించేసి మళ్లీ రాశాను: "మీ గిలక చుట్టూ జెల్ రాసి స్కానింగ్ మిషన్‌తో చూస్తాం. సూది ఉండదు. నొప్పి ఉండదు. ఎక్స్‌రేలో ఉండే రేడియేషన్ ఉండదు. వద్దనిపిస్తే మధ్యలో లేచి పోవచ్చు. ఏదైనా తేడా కనిపిస్తే మీకే ముందు చెబుతాం." కమిటీ ఒక్క అక్షరం మార్చలేదు.

నాకు ఇంకో గొప్ప ఆలోచన వచ్చింది. పోర్టబుల్ మిషన్ పట్టుకుని పొద్దున్నే హన్మకొండ స్టేడియంకు పోతే వారంలో అరవై మంది దొరుకుతారు కదా! గైడ్ సార్ కళ్లద్దాలు తీసి నావైపు చూశారు. "పీసీపీఎన్‌డీటీ చట్టం పరీక్షలో రాసినవా, చూసి రాసినవా?" 1994 చట్టం అది. కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పకుండా కట్టడి చేయడానికి, ప్రతి స్కానింగ్ మిషన్ ఏ చిరునామాలో ఉందో రిజిస్టర్ చేయాలి. ఇష్టమొచ్చినట్టు ఎత్తుకుపోవడం కుదరదు. నేను చూసేది గిలకనే అయినా సరే. కాబట్టి కాళ్లే మిషన్ దగ్గరికి నడిచి రావాలి.

వారం 6

వచ్చాయి, కానీ అన్నీ అబ్బాయిల కాళ్లే.

నోటీసు హాస్టళ్లలో అంటించాం. పది రోజుల్లో అబ్బాయిలు పద్నాలుగు మంది పేర్లిచ్చారు, అమ్మాయిలు ఒక్కరే. ఆమె కూడా మా కాలేజీ పిల్లే. ఎందుకో అర్థం కాక హాస్టల్‌కే పోయి అడిగాను. డిగ్రీ చదివే ఒక అమ్మాయి చాలాసేపు నసిగి, తర్వాత చెప్పింది: "మేడం, మీ రూమ్ ముంగట గర్భిణుల లైను ఉంటది. తలుపు మీద లింగ నిర్ధారణ చేయబడదని బోర్డు ఉంటది. ఆడ నేను గూసుంటే మా ఊరోళ్లెవరన్న జూసిన్రనుకో, సాయంత్రానికి ఇంటికి ఫోన్ పోతది. పిల్ల స్కానింగ్‌కు పోయిందట అని."

ఆ బోర్డు పెట్టాలని చట్టమే చెబుతుంది. ఆడపిల్లను కడుపులో కాపాడటానికి రాసిన బోర్డు, ఇరవై ఏళ్ల ఆడపిల్లను గడప దగ్గరే ఆపేసింది. నేను రోజూ ఆ తలుపు తోసుకుని లోపలికి పోతాను, ఈ సంగతి ఎన్నడూ తట్టలేదు. నేను వేసుకున్న తెల్లకోటు వల్లే కాబోలు.

టైమ్ మార్చాం. ఓపీ అయ్యాక మధ్యాహ్నం మూడు గంటలకు, ఎక్స్‌రే వైపు తలుపు నుంచి. నోటీసులో "స్కానింగ్" తీసేసి "చీలమండ పరీక్ష" అని పెట్టాం. ఇద్దరిద్దరు జంటగా రావచ్చన్నాం. తర్వాతి వారం ఏడుగురు అమ్మాయిలు వచ్చారు. వాళ్లలో ఒకామె తల్లిని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఆ తల్లి తెర వంక చూసి, "మా పిల్ల ఎముక మంచిగ మెరుస్తుంది" అని మురిసిపోయింది.

వారం 8

లెక్కలోకి వచ్చే కొలతలు తీసే ముందు నా చేతిని కొలుచుకోవాల్సి వచ్చింది.

మా టెక్నీషియన్ అన్న కుడికాలి ఏటీఎఫ్ఎల్ తీసుకున్నాను. మొదటిసారి 2.1 మిల్లీమీటర్లు. జెల్ తుడిచి, మళ్లీ రాసి కొలిస్తే 2.6. చాయ్ తాగొచ్చి కొలిస్తే 1.9. అదే కాలు, అదే మిషన్, అదే నేను. "పొద్దుగూకేవరకు నాకు లిగమెంటే మిగలదు మేడం" అన్నాడు అన్న.

ఎక్కడ పోతోందో వెతుకుతూ నాలుగు రోజులు కూర్చున్నాం. మొదటి దొంగ నా మణికట్టు. లిగమెంట్‌లో పోగులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. శబ్ద తరంగం వాటికి నిటారుగా తగిలితేనే తిరిగి ప్రోబ్‌కు వస్తుంది, తెల్లగా గీతలు గీతలుగా కనిపిస్తుంది. కొద్దిగా వాలితే చాలు, తరంగం పక్కకు పోయి లిగమెంట్ నల్లబడుతుంది. అనైసోట్రోపీ అంటాం. నల్లబడ్డాక చుట్టూ ఉన్న కొవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు, తెర మీద కొలత తీసే గుర్తు, క్యాలిపర్, గుడ్డిగా పడుతుంది. గిలక ఉబ్బు మీద చదునైన ప్రోబ్ ఒక కొస లేచే ఉంటుంది కూడా. హాకీ కర్ర ఆకారంలో చిన్న ప్రోబ్ ఉంటే సుఖం, మా దగ్గర లేదు. జెల్ దట్టంగా వేసి ఆ సందు పూడ్చాలి.

రెండో దొంగ నా బలం. గట్టిగా నొక్కితే ఇంత సన్నని పట్టీ ఇంకా సన్నబడుతుంది. ఇప్పుడు నియమం ఏమిటంటే, చర్మానికీ ప్రోబ్‌కూ మధ్య జెల్ పొర తెర పైభాగాన నల్లని చారలా కనిపిస్తూ ఉండాలి. ఆ చార పోయిందంటే నొక్కానన్నమాట, ఆ బొమ్మ చెల్లదు.

మూడోది పాదం. ఒకడు కాలు చాపుతాడు, ఒకడు వంచుతాడు. దీనికి వడ్రంగి దగ్గరికి పోయి 20 డిగ్రీల వాలుతో టేకు పీట ఒకటి చేయించాను. "ఇంత చిన్న వాలు పీట దేనికి మేడం, దేవునికా?" అన్నాడాయన. మోకాలు వంచి, అరికాలు ఆ పీట మీద ఆనిస్తే అందరి పాదమూ ఒకే వంపులో ఉంటుంది. సీఎఫ్ఎల్‌కు మాత్రం ఎదురు పద్ధతి. పాదం కింద తువ్వాల వేసి, రెండు కొసలూ వాళ్ల చేతికే ఇచ్చి, మునివేళ్లు ముక్కువైపు వచ్చేలా లాక్కోమంటాను. వదులుగా వేలాడే సీఎఫ్ఎల్ అప్పుడు బిగుస్తుంది. మీదున్న పెరోనియల్ టెండాన్లను ఉయ్యాలలా పైకి, ప్రోబ్ వైపు లేపుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ దృశ్యం నాకు విసుగు రాదు. వలంటీర్లకు కూడా తెర తిప్పి చూపిస్తున్నాను, పది నిమిషాలు ఆలస్యమైనా సరే.

నాలుగోది అన్నిటికన్నా సిగ్గు పడాల్సింది. మొదటి కొలత 2.1 అని చూశాక, రెండోసారి నా వేలు 2.1 దగ్గరే ఆగాలని చూస్తుంది. టెక్నీషియన్ అన్న ఒక పాత ఎక్స్‌రే ఫిల్మ్ ప్యాకెట్ నల్ల కాగితం కత్తిరించి, తెర మీద అంకె పడే మూలకు ప్లాస్టర్‌తో అంటించాడు. నేను క్యాలిపర్ పెడతాను, అన్న కాగితం ఎత్తి చూసి రిజిస్టర్‌లో రాస్తాడు. నాకు చెప్పడు. రెండో కొలత వారం తర్వాత.

మిషన్ చూపించే రెండో దశాంశం గురించీ ఒక మాట. ఒంట్లో శబ్దం వేగం సెకనుకు 1540 మీటర్లు అని మిషన్ లెక్కేసుకుంటుంది. మా ప్రోబ్ 12 మెగాహెర్ట్జ్. భాగిస్తే తరంగం పొడవు దాదాపు 0.13 మిల్లీమీటర్లు. అంతకన్నా సన్నటి తేడాను అది విడదీయలేదు. కాబట్టి 2.13 లో ఆ చివరి 3 వట్టి అలంకారం. థీసిస్‌లో ఒక దశాంశమే రాస్తాను.

వారం 10

ప్రశ్నావళిలో మొదటి ప్రశ్న: "గతంలో చీలమండ బెణికిందా?" మొదటి పదిమందీ లేదన్నారు, నేను నమ్మాను.

పదకొండోవాడు పరకాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుతున్నాడు. వాడూ లేదన్నాడు. వాలు పీట మీద కుడికాలు పెట్టించి ప్రోబ్ ఆనించాను. ఏటీఎఫ్ఎల్ ఉబ్బి ఉంది, అంచులు చెదిరి ఉన్నాయి. గిలక కొస కింద బియ్యపు నూకంత తెల్లని ముక్క, దాని వెనక నల్లని నీడ. అలాంటి ఎముక ముక్క కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. కొందరిలో పాత దెబ్బకు లిగమెంట్ ఎముక పెచ్చును ఊడదీసుకుపోయిన గుర్తు అది.

"ఎప్పుడన్నా కాలు మడతపడ్డదా తమ్మీ, బాగా యాది చేసుకో."

"లేదు మేడం. ఎన్నడు గాలె."

టెక్నీషియన్ అన్న, రిజిస్టర్ లోంచి తలెత్తకుండానే అడిగాడు: "చిన్నగున్నప్పుడు మీ నాయనమ్మ కాలుకు చింతపండు పట్టేసిందారా?"

వాడి ముఖం వెలిగిపోయింది. "ఆఁ, ఏసింది! ఏడో తరగతిల. బాయి గడ్డ మీదికెల్లి దుంకితే కాలు ఇంత లావైంది. చింతపండు, ఉప్పు ఉడకబెట్టి పట్టేసింది. పదిరోజులు బడికి వోలే."

"మరి లేదన్నావు?"

"అది బెణుకుడు కాదు గదా మేడం. వాపు."

ఆ రాత్రి ప్రశ్నావళి మళ్లీ రాశాను. కాలికి ఎప్పుడైనా చింతపండు పట్టుగానీ, పసుపు పట్టుగానీ, నాటు కట్టుగానీ వేశారా? వాపు వల్ల మూడు రోజులకు మించి బడి, ఆట, పొలం పని మానారా? నడుస్తుంటే ఆ కాలు ఇప్పటికీ ఉన్నట్టుండి తూలుతుందా? మొదటి పదిమందికీ ఫోన్ చేసి అడిగితే ముగ్గురు "ఓ, అదా?" అన్నారు.

చాలా తెలివైన పని చేశాననుకుని గైడ్ సార్‌కు చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు. "ఈ పిల్లగాన్ని మళ్లీ మళ్లీ ఎందుకడిగినవు? తెర మీద మందంగా కనిపించింది కాబట్టి. సన్నగా ఉన్నోణ్ని అట్లా గుచ్చి అడుగుతావా? మందం ఉన్నోళ్లందరికీ ఏదో ఒక పాత దెబ్బ తవ్వి తీసేస్తూ పోతే, చివరికి నీ దగ్గర సన్నవే మిగులుతాయి. అప్పుడు నీ నార్మల్ నువ్వు కొలిచింది కాదు, నువ్వు తయారుచేసింది."

రెండు రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు ప్రశ్నలు అడిగేది నేను కాదు, ఒక ఇంటర్న్. స్కాన్‌కు ముందే, పక్క గదిలో. నా దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి లోపలా బయటా అన్నది తేలిపోయి ఉంటుంది. తెర మీద ఏం కనిపించినా ఆ నిర్ణయం మారదు. కనిపించింది విడిగా రాసి, వాళ్లకు చెప్పి, ఆర్థో ఓపీకి పంపుతాం. ఆ పదిమందికీ అవే ప్రశ్నలు మళ్లీ ఇంటర్నే అడిగాడు. పరకాల పిల్లగాడు కూడా ఆ లెక్కలోనే బయటికి పోయాడు, నూకంత ఎముక వల్ల కాదు, చింతపండు వల్ల.

వారం 11

ఏ కాలు వాటం అని రాయాలి. "ఏ కాలితో బంతి తంతావు?" అని అడిగితే ఒక అమ్మాయి, "నేనెన్నడు తన్నలేదు మేడం, మా తమ్మునిని తప్ప" అన్నది. వెనక నుంచి మెల్లగా తోస్తే ఏ కాలు ముందుకు పడుతుందో అదీ రాసుకుంటున్నాం.

కీళ్ల వదులు కూడా చూస్తున్నాం, బైటన్ స్కోరు, మొత్తం 9 పాయింట్లు. చిటికెన వేళ్లు, బొటన వేళ్లు, మోచేతులు, మోకాళ్లు, చివరికి మోకాలు వంచకుండా అరచేతులు నేలకు ఆనించడం. పేరిణి నేర్చుకుంటున్న ఒక అబ్బాయి మొదటిసారికే అరచేతులు ఆనించేశాడు. రోజూ గంటన్నర నేలను మడమతో కొట్టే కాలు "మామూలు" కాలేనా? ఇంటర్న్ తీసేద్దామన్నాడు. దెబ్బ తగల్లేదు, నియమంలో ఆట మీద నిషేధం లేదు, ఉంచాం. వారానికి ఎన్ని గంటలు ఆడతారన్న కాలమ్ కొత్తగా కలిపాం. నిజానికి అది మొదటి రోజే ఉండాల్సింది.

వారం 12

మిషన్ డిస్క్ నిండి, ఎవరో పాతవి తుడిచేశారు. నలుగురి బొమ్మలు పోయాయి. నలుగురూ మళ్లీ వస్తామన్నారు, ఒకరు తప్ప. ఇక నుంచి ప్రతి సాయంత్రం పెన్‌డ్రైవ్.

వారం 13

కమ్యూనిటీ మెడిసిన్‌లో లెక్కలు చూసే మేడం దగ్గర కూర్చున్నాను. మొదటి మాటే, "120 చీలమండలు అని గొప్పలు పోకు, 60 మంది అను." ఒకే మనిషి రెండు కాళ్లు ఒకదానికొకటి తెలియనివి కావు కదా.

రెండో మాట నా గ్రాఫ్ గురించి. నా మొదటి కొలతలకూ రెండో కొలతలకూ కోరిలేషన్, అంటే రెండూ కలిసి పెరగడం, బాగా వచ్చిందని సంబరంగా చూపించాను. "నువ్వు రెండోసారి అందరికీ అర మిల్లీమీటరు ఎక్కువ కొలిచినా ఈ గీత ఇంతే అందంగా వస్తుంది" అన్నది. బ్లాండ్, ఆల్ట్‌మన్ అనే గణాంక నిపుణులు 1986లో వైద్య పత్రిక లాన్సెట్‌లో చెప్పింది ఇదే. రెండు కొలతలు కలిసి పెరుగుతున్నాయా అని కాదు, వాటి మధ్య తేడా ఎంత, ఆ తేడా ఎంత దూరం చెదురుతోంది అని చూడాలి. ఇంటికొచ్చి తేడాల గ్రాఫ్ వేశాను. ఏటీఎఫ్ఎల్ చుక్కలు బుద్ధిగా సున్నా చుట్టూ ఉన్నాయి. సీఎఫ్ఎల్‌వి జొన్నలు చల్లినట్టు చెల్లాచెదురు. రెండు మిల్లీమీటర్ల పట్టీ మీద నా చేయి 0.4 తప్పితే అది ఐదో వంతు. కుడి ఎడమల మధ్య అంతకన్నా చిన్న తేడా వస్తే అది కాలిదో నాదో చెప్పలేను. సీఎఫ్ఎల్ కొలతలు రెండో మనిషితో కూడా తీయించాలి. జూనియర్ ఒప్పుకున్నాడు, బదులుగా వాడి రెండు నైట్ డ్యూటీలు నావి.

వారం 15

41 మంది అయ్యారు. దసరా సెలవులకు హాస్టళ్లు ఖాళీ. బతుకమ్మ అయ్యేదాకా అమ్మాయిలెవరూ రారు. వచ్చాక మొదటివారం కూడా పిలవను, తొమ్మిది రోజులు చుట్టూ తిరిగి ఆడిన కాళ్లను వెంటనే కొలవడం నాకే ఇష్టం లేదు.

ఈ రోజు మూడింటికి ఎక్స్‌రే తలుపు దగ్గర పరకాల పిల్లగాడు నిలబడి ఉన్నాడు. "నన్ను తీసేసిన్రట గద మేడం. నా నరం ఖరాబైందా?" రాసి ఇచ్చిన ఆర్థో చీటీ ఇంకా జేబులోనే నలిగి ఉంది. తీసుకుని నేనే వెంట వెళ్లాను. ఆర్థో సార్, "ఎంతకన్నా మందం?" అని ఫోన్ చేసిన సారే, పాదం ముందుకు లాగి చూశారు, కీలు గట్టిగానే ఉందన్నారు. ఒంటికాలి మీద నిలబడే వ్యాయామం రోజూ చేస్తే మళ్లీ మడతపడే అవకాశం తగ్గుతుందని ఫిజియోథెరపీకి పంపారు.

తిరిగి వస్తుంటే కారిడార్‌లో వాడు గోడ పట్టుకోకుండా కుడికాలి మీద నిలబడి లెక్కబెడుతున్నాడు. ఇరవై రెండు దగ్గర తూలాడు. "మల్లొక్కసారి మేడం" అని ఎడమకాలు పైకెత్తాడు.